పాత పెట్టె: ఉప్పెన బురద తుడవొచ్చా?

పోయిన నెల తాళపత్రాల గురించి రాస్తూ చివర్లో ఒక్క మాట అడిగాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మునిగి, తర్వాత దొరికిన వస్తువులు, ఫోటోలు మీలో ఎవరింట్లోనైనా ఉన్నాయా అని. తాళపత్రాల సంగతి ఎవరికీ పట్టలేదు. ఉప్పెన ఉత్తరాలు మాత్రం సంచీడు వచ్చాయి. కాబట్టి ఈ నెల శీర్షికంతా వాటికే. పేర్లు తీసేశాను.

మా అత్తగారి ట్రంకు పెట్టెలో ఆవిడ పెళ్లి ఫోటో ఉంది. ఉప్పెన తీసిన పదకొండో రోజున, ఇంటికి రెండు మైళ్ల అవతల వరిచేలో బురదలో దొరికిందట. ఫ్రేము పోయింది, గాజు పగిలింది, మిగిలిన గాజుముక్కకు ఫోటో అతుక్కుపోయింది. మామగారి ముఖం మీద బురద మరక. ఒక పట్టుచీర, సొట్టలు పడ్డ ఇత్తడి చెంబు కూడా ఉన్నాయి. మా అబ్బాయి ఫోటో ఊడదీసి ల్యామినేషన్ చేయిద్దామంటున్నాడు. చెంబు చింతపండుతో తోమి, చీర డ్రైవాష్‌కి ఇద్దామని నా ఆలోచన. అత్తగారు మంచాన ఉన్నారు, మాట మాత్రం స్పష్టంగానే ఉంది. ఇవి మ్యూజియంవాళ్లు తీసుకుంటారా? (కోడూరు మండలం నుంచి ఒక పాఠకురాలు)

అమ్మా, ముందు అబ్బాయి చేతిలోంచి ఆ ఫోటో తీసుకోండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆ కాలపు నలుపు తెలుపు ఫోటోల్లో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, కాగితం మీద పూసిన జెలటిన్ పొరలో. పశువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీసే జిగురులాంటిది జెలటిన్. వెండి రేణువులు అందులో నిలిచి ముఖమై కనిపిస్తాయి. నీళ్లు తగిలితే ఆ పొర ఉబ్బి మెత్తబడుతుంది, ఎదురుగా గాజు ఉంటే దాన్నే పట్టుకుని ఆరిపోతుంది. ఇప్పుడు లాగారంటే కాగితం మీ చేతికొస్తుంది, మామగారు గాజు మీదే ఉండిపోతారు. నీళ్లలో నానబెడితే ఊడుతుందని ఎవరైనా చెబుతారు. ఒక్కోసారి ఊడుతుంది కూడా. ఒక్కోసారి పొర మొత్తం కరిగి తేలిపోతుంది. ఇంట్లో చేసే పని కాదు.

గాజుతోనే ఉంచి, గాజుతోనే ఫోటో తీయించండి. బల్ల మీద పడుకోబెట్టి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా రెండు దీపాలు పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ పట్టుకుంటే గాజులో నీడలు పడవు. ఊరి స్టూడియో అబ్బాయి చాలు. ఆ కాపీని కావలసినంత పెద్దది చేయించుకోండి, పటం కట్టించుకోండి, దండ వేసుకోండి, కుంకుమ పెట్టుకోండి. అసలుదానికి మాత్రం అగరొత్తి పొగ, ట్యూబులైటు, గోడ చెమ్మ ఏవీ తగలకూడదు. ల్యామినేషన్ అంటే వేడి, జిగురు, ప్లాస్టిక్కు. ఒకసారి చేశాక దేవుడు దిగివచ్చినా విడదీయలేడు.

ఇక బురద మరక. దీని గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మ్యూజియం ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే 1989 ప్రాంతంలో, దివిసీమ నుంచి ఒక తలుపు చెక్క మా దగ్గరికి వచ్చింది. బురద పట్టి ఉంది. నాకు అప్పుడే చదువు పూర్తయింది, చేతులు ఊరుకోవు. స్వేదనజలం, మెత్తటి కుంచె, దూది. నాలుగు రోజులు కూర్చుని అద్దంలా చేశాను. పై అధికారి మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఆ తలుపు ఇచ్చిన రైతు చూడటానికి వచ్చాడు. చాలాసేపు దాని ముందు నిలబడి, "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీతే కదమ్మా చెప్పేది" అన్నాడు. తలుపు మీద రొమ్ము ఎత్తున బురద గీత ఉండేదట. ఆ గీత కోసమే ఆయన తలుపును అన్నేళ్లు గొడ్లపాకలో దాచాడు. నేను తుడిచేశాను. ఇప్పుడది ఉత్త టేకు తలుపు.

అప్పటి నుంచి ఏ వస్తువు ముందు కూర్చున్నా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది మురికా, సాక్ష్యమా? మీ మామగారి ముఖం మీద మరక సాక్ష్యం.

హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో ఒక టిఫిను డబ్బా ఉంది. షిగెరు ఒరిమెన్ అనే బడిపిల్లవాడిది. 1945 ఆగస్టు 6న బాంబు పడింది, మూడు రోజుల తర్వాత తల్లి వెతుక్కుంటూ వెళ్లి, కొడుకు శరీరం కింద ఆ డబ్బాను చూసి పిల్లవాడిని గుర్తుపట్టింది. ఆ రోజు తినకుండా మిగిలిన అన్నం, బార్లీ, సోయా గింజలు లోపలే బొగ్గయి ఉన్నాయి. ఆ బొగ్గు దులిపేసి డబ్బాను తోమి పెట్టారనుకోండి. పాతసామాన్ల అంగట్లో అలాంటివి ఎన్నయినా దొరుకుతాయి.

కాబట్టి చెంబును చింతపండుతో తోమకండి. సొట్టలు తీయించకండి. పొడిగుడ్డతో పట్టుకోండి, అంతే. చీర సంగతి ఇంకా నాజూకు. ఉప్పునీటిలో తడిసిన పట్టు మడతల దగ్గర చిట్లిపోతుంది, ఉప్పు గాలిలో చెమ్మను పీల్చుకుంటూనే ఉంటుంది. డ్రైవాష్ మందు పోగును బతకనివ్వదు. విప్పగలిగినంత వరకే విప్పండి. బాగా ఉతికి గంజి లేకుండా ఆరబెట్టిన మల్లుగుడ్డ లోపల పరిచి, లావుపాటి అట్టగొట్టానికి అదే గుడ్డ చుట్టి, దాని మీద చీరను వదులుగా చుట్టండి. ట్రంకు ఇనుము కాబట్టి తుప్పు చీరకు అంటుతుంది, రెండింటినీ వేరు చేయండి. ట్రంకుకు రంగు వేయొద్దు. సిలికాజెల్ పొట్లాలు కొని గుడ్డ సంచిలో కట్టి బీరువాలో పెట్టండి, గింజలు రంగు మారినప్పుడు కొత్తవి మార్చండి. బీరువా బయటి గోడకు ఆనుకుని ఉండకూడదు. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

మ్యూజియం తీసుకుంటుందా అని అడిగారు. రాజులు తిప్పిన కత్తులంటే మన మ్యూజియంలకు ఉన్న మోజు, కోడలు నీళ్లు తెచ్చిన చెంబంటే లేదు. ముప్పై ఏళ్లు లోపల పనిచేసిన మనిషిగా ఒప్పుకుంటున్నాను. అయినా తీసుకునేవాళ్లుంటారు, కానీ వాళ్లు మొదట అడిగేది వస్తువును కాదు, దాని వెనక కాగితాన్ని. ఆ కాగితం మీ దగ్గర ఇంకా లేదు. అది మీ అత్తగారి నోట్లో ఉంది. అందుకని చీర సంగతి వచ్చే వారం చూడండి. ఈ రోజు సాయంత్రం సెల్‌ఫోనులో రికార్డింగు పెట్టి ఆవిడ మంచం పక్కన కూర్చోండి. ఎవరి చేలో దొరికింది, ఎవరు తెచ్చిచ్చారు, పెళ్లి ఏ ఊళ్లో జరిగింది, ఫోటో తీసిన స్టూడియో ఏది, ఆ రాత్రి మామగారు ఎక్కడున్నారు. ఆవిడ ఏడిస్తే ఆపండి, మర్నాడు అడగండి. అంత బురదలో ఆ ఫోటో కంటికి ఎలా ఆనిందో తప్పకుండా అడగండి. అది మనం ఊహించి రాయలేం.

పాత ఫోటోల మధ్య నాఫ్తలీన్ ఉండలు మంచివా, వేపాకు మంచిదా? (మచిలీపట్నం)

రెండూ వద్దు. నాఫ్తలీన్ ఆవిరి మనుషులకూ ఫోటోలకూ చెడుపే. పచ్చి వేపాకు చెమ్మను మోసుకొస్తుంది, ఎండిన వేపాకు పొడై మరకలు పెడుతుంది. ఆమ్లం లేని కాగితం మధ్యలో పెట్టి, పొడిగా, చీకట్లో ఉంచి, మూడు నెలలకోసారి తెరిచి చూసుకోండి. పురుగుకు అన్నిటికన్నా పడనిది ఎవరో ఒకరు తరచూ పెట్టె తెరవడం.

తాతయ్యది ఒకే ఒక్క ఫోటో మిగిలింది, అందులో సగం ముఖం బురద తినేసింది. ఏఐ యాప్‌లో పెడితే నిమిషంలో రంగుల్లో, చిరునవ్వుతో నిండు ముఖం ఇచ్చింది. అమ్మకు చూపించాను. ముందు ఏడ్చింది. తర్వాత "ఈయన మా నాన్న కాదురా" అంది. నేను చేసింది తప్పా? (డాలస్ నుంచి ఒక కుర్రాడు)

బాబూ, అమ్మ సంతోషపడాలని చేశావు, అందులో తప్పేముంది. కానీ జవాబు అమ్మే చెప్పేసింది.

నీకొక సంగతి చెబుతాను. కంబోడియా రాజధాని నాంపెన్‌లో టూల్ స్లెంగ్ అని ఒక మ్యూజియం ఉంది. అదొకప్పుడు బడి. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు ముఠా పాలనలో, 1975 నుంచి 1979 వరకు, దాన్ని జైలుగా మార్చి వేలమందిని చిత్రహింసలు పెట్టి చంపారు. లోపలికి తెచ్చిన ప్రతి మనిషికీ ముందు ఫోటో తీసేవాళ్లు. వాటిలో వేలకొద్దీ ఫోటోలు మిగిలాయి. చంపేవాళ్లు తీసినవే ఇప్పుడు చచ్చిపోయినవాళ్ల తరఫున సాక్ష్యం చెబుతున్నాయి. 2021లో ఐర్లండు కళాకారుడొకడు ఆ ముఖాలకు రంగులద్దాడు. అక్కడితో ఆగితే ఏమో గానీ, కొన్ని ముఖాలకు నవ్వులు పెట్టాడు. అవి ఇంటర్నెట్లో వచ్చేసరికి బతికి ఉన్న బంధువులు, కంబోడియా సాంస్కృతిక శాఖ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ప్రచురించినవాళ్లు తీసేయాల్సి వచ్చింది. చావు ఎదురుగా ఉన్న మనిషి మొహాన నవ్వు పెట్టే హక్కు ఎవరిచ్చారు?

మీ తాతయ్య విషయం అంత ఘోరం కాదులే. అయినా ఆ యాప్‌కు మీ తాతయ్య తెలియదు. లక్షల ముఖాలు చూసి, సగం చూపిస్తే మిగతా సగం ఇలా ఉండొచ్చని అల్లింది. ఇంకో ఇరవై ఏళ్లకు మీ ఇంట్లో తాతయ్యంటే ఆ అల్లిక ముఖమే మిగులుతుందని నా భయం. బురద తిన్నది సగమే. మిగతా సగాన్ని మనం తినేసినట్టవుతుంది.

తుడిచేయమని అనను. దాని అడుగున "ఏఐతో తయారుచేసినది" అని తెలుగులో రాసి, వేరే ఫోల్డరులో పెట్టుకో. అసలు ఫోటోను ముందూ వెనకా మంచి స్కానర్ మీద 600 డీపీఐలో తీసి, ఏమీ దిద్దకుండా దాచు. తర్వాత అమ్మకు ఫోను చేసి, ఆ ముఖంలో ఏది తప్పో చెప్పమ్మా అని అడుగు. ముక్కు అలా ఉండేది కాదనో, ఎడమ చెవికి పోగు ఉండేదనో చెబుతుంది. రాసుకో. యాప్ వల్ల ఆ మేలొకటి జరగనీ.

మా హైస్కూల్లో ఒక గది ఖాళీగా ఉంది. ఉప్పెన గుర్తుగా చిన్న ప్రదర్శన పెట్టాలని పిల్లలు, ఊరివాళ్లు అనుకుంటున్నారు. ఇప్పటికి పదహారు వస్తువులు, ముప్పై దాకా ఫోటోలు వచ్చాయి. కొన్ని ఫోటోల్లో శవాలున్నాయి. అవి పెట్టకపోతే పిల్లలకు తీవ్రత తెలియదని కొందరు, పెట్టొద్దని కొందరు. (నాగాయలంక మండలం నుంచి ఒక సోషల్ టీచరు)

మాస్టారూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ శనివారం నాకు పన్నెండేళ్లు, బందరులో ఏడో తరగతి. మా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని రోలు పక్కన కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. మాకు వచ్చింది గాలే. అవతల దివిసీమలో సముద్రమే వచ్చింది, తాటిచెట్టంత ఎత్తు అని చూసినవాళ్లు చెప్పేవాళ్లు. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లుగా మిగల్లేదు. సర్కారు లెక్కే 10,000 దరిదాపుల్లో తేలింది. మా బడి వరండాలో పాత బట్టల మూటలు కట్టిన రోజుల్లో, పత్రికల్లో వచ్చిన ఆ ఫోటోలు మేమూ చూశాం. నాకిప్పటికీ గుర్తున్నది శవాల ఫోటోలు కాదు. తుమ్మచెట్టు కొమ్మకు వేలాడుతున్న ఒక చంటిపిల్ల గౌను.

హిరోషిమా మ్యూజియంలో ఈ తగువే చాలా ఏళ్లు నడిచింది. కాలిన చర్మం వేలాడుతూ నడుస్తున్న మనుషుల బొమ్మలు అక్కడ నిలువెత్తున ఉండేవి. 2017లో తీసేశారు. తీయొద్దని చాలామంది గొడవపడ్డారు, పిల్లలకు ఆ బొమ్మలే గుర్తుండిపోతాయని. మ్యూజియంవాళ్లు బొమ్మ కన్నా ఆ రోజు మనిషి ఒంటి మీదున్న చొక్కానే ముందుంచాలనుకున్నారు. 2019లో ప్రధాన భవనం మళ్లీ తెరిచినప్పుడు అసలు వస్తువు, దాని సొంతదారు పేరు, వీలైతే ఫోటో పక్కపక్కన పెట్టారు. నా ఓటు వాళ్లకే.

ఫోటోలు తీసినవాళ్ల మాటా వినాలి. హిరోషిమాలో యోషితో మత్సుషిగే అనే పత్రికా ఫోటోగ్రాఫరు బాంబు పడిన రోజే కెమెరా పట్టుకుని మియుకి వంతెన దగ్గరికి వెళ్లాడు. ఫిల్ము ఉంది, ఎదురుగా కాలిన పిల్లలున్నారు, చెయ్యి రాలేదు. చాలాసేపటికి గానీ నొక్కలేకపోయాడు. ఆ రోజంతా తిరిగితే మిగిలినవి 5 ఫోటోలు. లోకానికి ఆ అయిదూ చాలాయి.

అందుకని నా సలహా. శవాల ఫోటోలు పారేయొద్దు, గోడకూ ఎక్కించొద్దు. ఒక ఆల్బంలో పెట్టి, పెద్దవాళ్లు అడిగితే చూపించండి. ముఖం గుర్తుపట్టేట్టున్న ఫోటో అయితే ముందు ఆ ఇంటివాళ్లని అడగాల్సిందే. మీ ఊళ్లో ఆ ముఖం ఎవరికో చెల్లెలు. రేపు ఆ ఇంటి మనవరాలే మీ తరగతిలో కూర్చుని ఉంటుంది.

పిల్లలకు తీవ్రత తెలియాలంటే చెవికి పని చెప్పండి. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి గ్యాస్ పాలైనవాళ్లు, ఆ కుటుంబాల తరఫున నిలబడ్డవాళ్లు కలిసి 2014లో "రిమెంబర్ భోపాల్" మ్యూజియం తెరిచారు. గోడకు టెలిఫోన్లు తగిలించి ఉంటాయి. రిసీవరు చెవిన పెట్టుకుంటే ఆ వస్తువు తాలూకు మనిషి గొంతు మాట్లాడుతుంది. మీకు టెలిఫోన్లు కూడా అక్కర్లేదు, పాత సెల్‌ఫోను ఒకటి చాలు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇద్దరేసి చొప్పున ముసలివాళ్ల దగ్గరికి పంపండి. రికార్డు చేసింది అక్షరం పోకుండా, ఆ యాసలోనే రాయించండి. "వొచ్చేసినాయి నీళ్లు" అంటే "జలాలు ముంచెత్తాయి" అని దిద్దే తెలుగు మాస్టారిని మాత్రం ఈ పనికి దూరంగా పెట్టండి.

మీ ఉత్తరంలో నాకు భయం వేసిన చోటొకటుంది. పదహారు వస్తువులు వచ్చాయని రాశారు, పుస్తకంలో ఎక్కించామని రాయలేదు. రేపే లావుపాటి రిజిస్టరు కొనండి. ప్రతిదానికీ ఒక నంబరు, ఎవరిచ్చారు, ఏ తేదీన, ఎక్కడ దొరికింది, ఇప్పుడున్న స్థితి. వస్తువు మీద పెన్నుతో రాయొద్దు, నూలు దారంతో చీటీ కట్టండి. ఫోటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలు. ఇంకో కాలమ్ ఉండాలి: ఇచ్చేశారా, చూపించడానికి మాత్రమే ఇచ్చారా? సంతకం లేదా వేలిముద్ర.

పల్లెటూరి బడికి ఇంత అవసరమా అనకండి. పోలండులో నాజీలు యూదులను లక్షలమందిని చంపిన ఆష్విట్జ్ శిబిరం ఇప్పుడొక మ్యూజియం. అక్కడివాళ్లు పారిస్‌లో ఒక ప్రదర్శనకు పంపిన సూట్‌కేసు మీద 2005లో ఒక పెద్దాయనకు తన తండ్రి పేరు కనిపించింది. నాజీలు పట్టుకుపోయి చంపిన తండ్రి. ఆ పెట్టె మళ్లీ అక్కడికి పోవడానికి వీల్లేదన్నాడు. ఆ ఘోరానికి సాక్ష్యంగా అది అక్కడే ఉండాలని మ్యూజియం అంది. కోర్టు దాకా పోయింది. 2009లో రాజీపడి పెట్టెను దీర్ఘకాలపు అప్పుగా పారిస్‌లోనే ఉంచారు. ఇద్దరిలో ఎవరిది తప్పో నేను చెప్పలేను. మీ రిజిస్టరులో ఆ కాలమ్ ఉంటే మీకా కష్టం రాదు.

నాకు 68 ఏళ్లు. ఉప్పెనలో పోయిన మా చెల్లి వెండి పట్టీ ఒకటి నా దగ్గరుంది. దానికప్పుడు ఆరేళ్లు. తుమ్మకంపలో దొరికింది, పిల్ల దొరకలేదు. ఇన్నేళ్లూ అగరొత్తుల డబ్బాలో దాచాను. పోయినవాళ్ల వస్తువు ఇంట్లో ఉండకూడదు, హంసలదీవి సంగమంలో కలిపెయ్యమంటుంది మా ఆవిడ. మాస్టారేమో బడికి ఇమ్మంటున్నారు. నాకేమీ తోచడం లేదు. (అవనిగడ్డ)

అన్నగారూ, మీ ఆవిడ అన్నదాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయను. పోయినవాళ్లవి పోనివ్వాలనడంలో కూడా ప్రేముంది. ఆష్విట్జ్‌లో ఖైదీల తలల నుంచి కత్తిరించిన జుట్టు రెండు టన్నుల దాకా ఉంది. అక్కడి నిపుణులు బూట్లను, సూట్‌కేసులను ఎంతో కష్టపడి కాపాడుతున్నారు. జుట్టు జోలికి మాత్రం పోరు. అది మనిషి శరీరం, దాని దారిన అది మట్టి కానివ్వాలని వదిలేశారు. కాపాడటమే ఉద్యోగమైనవాళ్లు కూడా ఒక చోట చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఇంకొకాయన ఉన్నాడు. హిరోషిమాలో షినిచి తెత్సుతాని అనే పిల్లవాడు, నాలుగేళ్లకు నెల తక్కువ, ఇంటి ముందు మూడు చక్రాల సైకిలు తొక్కుతుండగా బాంబు పడింది. ఆ రాత్రే పోయాడు. అంత చిన్నవాణ్ని ఒంటరిగా ఎక్కడో పాతిపెట్టడానికి తండ్రికి మనసొప్పలేదు. పెరట్లోనే పాతి, ఆడుకుంటాడని సైకిలు కూడా పక్కన పెట్టాడు. నలభై ఏళ్లు అది అక్కడే ఉంది. 1985లో ఎముకల్ని కుటుంబ సమాధికి మార్చడానికి తవ్వినప్పుడు సైకిలు పైకొచ్చింది. అప్పుడు తీసుకెళ్లి మ్యూజియంకి ఇచ్చాడు. తుప్పు పట్టిన ఆ సైకిలు ముందు ఇప్పుడు ఏ దేశం పిల్లలైనా ఆగిపోతారు.

నలభై ఏళ్లు ఆగాడు, చూశారా. ఎవరూ తొందరపెట్టలేదు.

మీరూ ఆగండి. సంగమంలో కలిపినా, బడికిచ్చినా, డబ్బాలోనే ఉంచుకున్నా అది మీ ఇష్టం, మాస్టారిదీ నాదీ కాదు. నల్లబడిందని మెరుగు మాత్రం పెట్టించకండి. అగరొత్తుల డబ్బా తీసేసి, మెత్తటి నూలుగుడ్డలో చుట్టండి. ఒక కాగితం మీద మీ చెల్లి పేరు, మీరు ఇంట్లో పిలిచే పేరు, ఆ తుమ్మకంప ఏ పొలం గట్టున ఉండేదో మీ చేత్తోనే రాసి ఆ గుడ్డలో పెట్టండి. కాగితం మీ ఆవిడకు చదివి వినిపించండి. ఇన్నేళ్ల కాపురంలో ఆ పిల్ల పేరు ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో నాకు తెలియదు.